కాశీకి జనాన్ని తీసుకెళ్లే పని

మా మాస్టారు ఏటా కాశీకి జనాన్ని తీసుకెళ్తారు. రిటైరైన హిందీ పండిట్. హనుమకొండలో మా వీధి చివరి ఇల్లు. ట్రావెల్స్ అని బోర్డు లేదు, ఆఫీసు లేదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పగా విని వచ్చేవాళ్లతోనే గుంపు నిండిపోతుంది. ఆడవాళ్ల సంగతులన్నీ ఆయన ఇంటావిడ చూసుకునేవారు. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆ పనికి మనిషి కావలసి వచ్చింది. అప్పటికి నేను ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటున్నాను. "జీతం అని చెప్పలేనమ్మా. నీ టికెట్టు, తిండి, ఉండటం నాది. చివర్ల మిగిలితే ఎంతో కొంత చేతుల పెడ్త. వస్తవా?" అన్నారు. మా ఆయన్ని అడిగితే "వెళ్లిరా, పుణ్యం కూడా" అన్నాడు. పుణ్యం సంగతి తర్వాత, ముందు నా చేతికి ఒక లావుపాటి నోట్‌బుక్కు వచ్చింది.

అందులో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పేరు, వయసు, ఆధార్ నంబరు, కొడుకుదో కూతురుదో ఫోను, వేసుకునే మందులు, మెట్లెక్కగలరా లేదా, కింద కూర్చోగలరా, వెస్టర్న్ టాయిలెట్ తప్పనిసరా. పేజీ అడుగున మాస్టారు ఎర్ర పెన్నుతో గీసిన గడి ఒకటి ఉంటుంది. దాని మీద "దేనికోసం" అని రాసి ఉంటుంది. ఫోన్ చేసి అడిగితే మొదటిసారి అందరూ ఒకే మాట చెప్పారు, "ఇంకేముంటది బిడ్డా, విశ్వనాథుని దర్శనం" అని. "అది రాసుకోకు. మందుల గురించి అడుగుతున్నట్టు రెండోసారి ఫోన్ చెయ్యి, మాటల మధ్యల అసలుది చెప్తరు" అన్నారు మాస్టారు.

నిజంగానే చెప్పారు. పరకాల పెద్దమ్మకు గయ ముఖ్యం. జనగామ వైపు నుంచి వచ్చే రైతు దంపతులకు ప్రయాగలో వేణీదానం, అంటే భార్య జడ కొస సంగమంలో విడవడం. నర్సంపేట సార్ సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు గుళ్ల మీద పెద్ద పట్టింపు లేదు, సారనాథ్ మ్యూజియంలో అశోకుడి నాలుగు సింహాలను కళ్లారా చూడాలి. మిగతావన్నీ భార్య కోసం తిరుగుతానన్నారు. హుజూరాబాద్ అక్కకు బిడ్డ పెళ్లికి బనారసీ చీరలు కొనాలని ఉంది. యాత్రకు పోతూ చీరల మాట ఎత్తితే ఏమనుకుంటారోనని ఆవిడ ఆ ఒక్క ముక్క చెప్పడానికి పావుగంట తిప్పింది.

ప్రోగ్రాం కాగితం మీద అందరికీ అవే ఊళ్లు, అవే టైములు. మనుషులు మాత్రం ఒక్కొక్కరు ఒక్కో చోటు కోసం వస్తారు. ఆ చోటులో వాళ్లను తొందరపెడితే మిగతావన్నీ ఎంత బాగా జరిగినా వాళ్ల లెక్కలో యాత్ర జరగనట్టే. ఎవరిని ఎక్కడ "నడవండి, నడవండి" అనొచ్చు, ఎవరిని ఎక్కడ వదిలెయ్యాలి అన్నది తెలిస్తే ఈ పని సగం వచ్చినట్టే. ఆ ఎర్ర గడి విలువ నాకు ప్రయాగ వెళ్లేదాకా పూర్తిగా అర్థం కాలేదు.

టికెట్ల దగ్గరే మొదటి టెన్షన్. నలభైకి పైగా మనుషులు, అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ. అందరికీ కింద బెర్తే కావాలి. రైల్వేలో సీనియర్ సిటిజన్లకు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు కింద బెర్తుల కోటా ఉంటుంది. అయితే ఒక టికెట్టు మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే అది వర్తిస్తుంది. ఆరుగురిని కలిపి ఒకే టికెట్టు తీశామా, కోటా పోయినట్టే. అందుకని మేము ఇద్దరిద్దరు చొప్పున విడివిడిగా తీస్తాం. ఒకప్పుడు 120 రోజుల ముందే టికెట్లు తెరిచేవారు. 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. టికెట్లు తెరిచే రోజు పొద్దున ఎనిమిదికి మాస్టారు, ఆయన మనవడు, నేను, మా ఆయన తలా ఒక ఫోను పట్టుకుని కూర్చున్నాం. కోచ్‌లు వేరయినా ఫర్వాలేదు, బెర్తులు దొరికితే చాలు. టికెట్టు అయ్యాక ఒకావిడ "నేను రాను, నా బదులు మా పక్కింటామె వస్తది" అంది. అలా కుదరదు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్తలు, పిల్లలు, వీళ్లలో ఒకరి పేరు మీదికే మార్చుకోవచ్చు, అదీ బండి బయల్దేరడానికి 24 గంటల ముందు రాసిస్తేనే. పక్కింటామె ఎంత దగ్గరిదైనా రైల్వేకు పరాయిదే.

సామాను చీటీ కూడా ఇంటింటికీ పంపాం. బంగారం ఇంట్లో పెట్టి రమ్మని, పుస్తెల తాడు బదులు పసుపుతాడు వేసుకుని రమ్మని మాస్టారి ఇంటావిడ నాకు ప్రత్యేకంగా చెప్పారు. అది మగవాళ్లు చెబితే ఆడవాళ్లకు కోపం వస్తుందట. షుగరు ఉన్నవాళ్లు మందులు రెండు చోట్ల పెట్టుకోవాలి, సగం చేతిసంచిలో, సగం పెట్టెలో. స్వెటర్, మంకీ క్యాప్, సాక్సులు తప్పనిసరి. మార్గశిరంలో కాశీ చలి మన వరంగల్ చలి లాంటిది కాదు.

కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మన దగ్గర పనులకొచ్చి సొంతూళ్లకు పోయే బీహార్ వాళ్లతో ఆ బండి ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది. అందుకే మాస్టారు స్లీపర్ మాని థర్డ్ ఏసీకి మారారు. బల్లార్షా దాటకముందే నా పని మొదలైంది. కోటా పెట్టినా పై బెర్తులు పడ్డవాళ్లు కొందరున్నారు. వాళ్లను కిందికి తేవాలంటే వేరే కుర్రాళ్లను బతిమాలాలి. హిందీలో "భయ్యా, మాతాజీ కే ఘుట్నే..." (అన్నా, అమ్మ మోకాళ్లు...) అని మొదలుపెట్టగానే చాలామంది ఒప్పుకుని లేచారు. మిడిల్ బెర్తు రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకే వేసుకోవాలన్న రూలు మా వాళ్లకు గిట్టదు. ఏడున్నరకే పడుకుంటామని ఒకరు, కూర్చుని భజన చేసుకుంటామని ఇంకొకరు. ఆ తగువు తీర్చేసరికి నాగ్‌పూర్ వచ్చింది.

తిండి ఇంటి నుంచే. పులిహోర, చపాతీలు, ఆలుగడ్డ కూర, పల్లిపొడి. పెరుగన్నం మొదటి పూటకే. రెండో పూటకు పెరుగుతో కలిపినదేదీ ఉంచకూడదని వంటాయన గట్టిగా చెప్పేవాడు. ఆయన, ఆయన బావమరిది మాతోనే వస్తారు. సోనా మసూరి బియ్యం, చింతపండు, ఆవకాయ, కందిపప్పు, కారం అన్నీ మూటలు కట్టి తెస్తారు. రైల్లో గ్యాసు సిలిండర్ ఎక్కించకూడదు కాబట్టి పొయ్యి, పెద్ద గిన్నెలు అక్కడే అద్దెకు తీసుకుంటారు. గుంపులో అందరికన్నా ముఖ్యమైన మనిషి ఎవరంటే నేను ఆయన పేరే చెబుతాను. గుడిలో గంట క్యూ ఉంటే ఎవరూ గొణగలేదు. అన్నం గంట ఆలస్యమైతే మాత్రం మాస్టారి ముఖం మీదే అడిగేశారు.

జనాన్ని లెక్కపెట్టడం కూడా ఒక విద్య. మొదట్లో స్కూలు అలవాటు కొద్దీ ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. ఒకరు టీకి దిగుతారు, ఒకరు బాత్రూంలో ఉంటారు, లెక్క ఎప్పుడూ కుదరదు. పోనీ అని జోడీలు కట్టాను, "మీ జోడీ ఉన్నరా?" అని అడిగితే సరిపోతుందని. తమాషా ఏమిటంటే, తప్పిపోయేటప్పుడు జోడీ ఇద్దరూ కలిసే తప్పిపోతారు. ఇక అడగడానికి ఎవరూ మిగలరు. చివరికి రైల్లో పక్కపక్క బెర్తుల వాళ్లను ఆరుగురేసి జట్లు చేసి, ఒక్కో జట్టుకు కాస్త గట్టి గొంతున్న మనిషిని పెద్దగా పెట్టాం. ఆ పద్ధతి చివరిదాకా పని చేసింది. పక్కపక్క బెర్తుల్లో ప్రయాణం చేసినవాళ్లు ఒకరినొకరు బాగా గుర్తుపెట్టుకుంటారు, గురక తెలిసిపోతుంది కదా. కండువాల రంగు కూడా ఆలోచించి చిలకపచ్చ తీసుకున్నాం. పసుపు, కాషాయం కట్టిన గుంపులు కాశీలో అడుగడుగునా ఉంటాయి. పసుపు కండువా చూసి వెంటబడితే ఏ నెల్లూరు వాళ్ల బస్సో ఎక్కేస్తారు.

మర్నాడు మొగల్‌సరాయ్‌లో దిగాం. స్టేషనుకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ అని 2018లో పేరు మార్చినా మా వాళ్లే కాదు, అక్కడి ఆటోవాళ్లు కూడా మొగల్‌సరాయ్ అనే అంటారు. అక్కడి నుంచి ఆటోల్లో రాజ్‌ఘాట్ వంతెన మీదుగా కాశీ. 1887లో తెరిచిన వంతెన అది, కింద రైళ్లు, పైన రోడ్డు. వంతెన మీదికి రాగానే ఎడమవైపు గంగ, అర్ధచంద్రాకారంలో వరసగా ఘాట్లు కనిపిస్తాయి. నా ఆటోలో ఉన్న ముగ్గురూ ఒక్కసారే చేతులు జోడించారు. నేను మాత్రం వెనకాల ఆటోలు వస్తున్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నాను. ఆ వంతెన మీది నుంచి కాశీని తీరిగ్గా చూడటం నాకు ఇంకా బాకీ ఉంది.

సత్రంలో గదులు పంచడం గురించి ఎంత రాసినా తక్కువే. మోకాళ్ల నొప్పులవాళ్లకు కింది గదులు, గురక పెట్టేవాళ్లంతా ఒకచోట, రాత్రి నాలుగుసార్లు లేచేవాళ్లు బాత్రూం పక్కన. ఇంతవరకు నోట్‌బుక్కు చెబుతుంది. తోటికోడళ్లు ఇద్దరు కలిసి పేర్లిచ్చారు కాబట్టి ఒకే గదిలో వేశాను. వాళ్లకు మాటల్లేవని, మూడో మనిషి ద్వారా మాట్లాడుకుంటారని వాళ్ల జట్టు పెద్దావిడ చెవిలో చెప్పింది. మధ్యలో ఇంకొకావిడను వేసి సర్దాను.

కాశీలో మొదట కాలభైరవుడి దర్శనం. ఆయన ఆ ఊరి కొత్వాల్, అంటే కావలి అధికారి, ఆయనకు చెప్పకుండా లోపలికి వెళ్లకూడదంటారు. వారాహి అమ్మవారి గుడి పొద్దున్నే కొద్దిసేపే తెరుస్తారు, పైనుంచి నేలలోని కంతలోంచి చూడాలి. అది కావాలన్నవాళ్లను విడిగా చీకటితోనే లేపి తీసుకెళ్లాను. స్నానాల దగ్గర నేను పూర్తిగా పనికొచ్చాను. ఘాట్ మెట్లు నాచు పట్టి జారుతుంటాయి. గట్టిగా ఉన్నవాళ్లను కింది మెట్టు మీద వరసగా నిలబెట్టి, మిగతావాళ్లు వాళ్ల చేతులు పట్టుకుని మునగాలి. ఒడ్డున బట్టలు మార్చుకోవడానికి రెండు పాత చీరలు, నాలుగు క్లిప్పులు, ఒక తాడు. ఘాట్ మీది గదుల కోసం వెతుక్కోకుండా ఆ తెర చాటునే అందరి పనీ అయిపోయేది. తడి చీరలు పిండి సంచిలో వేయడానికి ప్లాస్టిక్ కవర్లు కూడా నేనే మోసేదాన్ని. ఇవేవీ ఏ టూర్ కాగితంలోనూ ఉండవు.

విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, బయట లాకర్లలో పెట్టాలి. 2021 డిసెంబర్‌లో గుడి నుంచి గంగ దాకా కట్టిన కారిడార్ తెరిచాక లోపల విశాలంగా మారింది. పాత ఇరుకు గల్లీల్లో నలిగిపోయినవాళ్లకు ఇది పెద్ద హాయి. కానీ దారులు ఎక్కువయ్యాయి. నాలుగో గేటులో వెళ్లినవాళ్లు గంగా ద్వారం వైపు బయటపడొచ్చు. అందరి చేతుల్లోనూ ఫోన్లు లేని ఆ రెండు మూడు గంటల్లోనే మనుషులు తప్పిపోతారు. దీనికి మాస్టారి దగ్గర పాత మందు ఒకటుంది. ప్రతి ఒక్కరికీ హిందీలో సత్రం పేరు, ఘాట్ పేరు రాసిన చీటీ, పిన్నీసుతో కొంగుకో జేబుకో గుచ్చుతారు. దాని మీద ఆయన నంబరు ఉండదు. వంటాయన నంబరు ఉంటుంది. మాస్టారి ఫోను కూడా లాకర్లోనే ఉంటుంది కదా. దర్శనానికి రాకుండా సత్రంలో పప్పు వేయించుకుంటూ ఫోను ఎత్తే మనిషి ఆయనొక్కడే.

ఆ రోజు ములుగు అవ్వ కనిపించలేదు. వాళ్ల జట్టు పెద్ద గోల పెట్టేసింది. అన్నపూర్ణ గుడి దగ్గర చూశాం, ఢుంఢి గణపతి దగ్గర చూశాం. మాస్టారు కంగారు పడలేదు. "నువ్వు లాకరు దగ్గరికి పోయి వంటాయనకు ఫోన్ చెయ్యి" అన్నారంతే. చేస్తే, "వచ్చింది గదా. ఇక్కడ కూసోని చిక్కుడుకాయలు తుంచుతాంది" అన్నాడాయన. ఎవరో పూలమ్మేవాడు చీటీ చదివి, వంటాయనకు ఫోన్ చేసి, రిక్షా ఎక్కించి పంపాడట. నేను సత్రానికి పరిగెత్తి వెళ్లేసరికి అవ్వ నన్నే గదమాయించింది: "ఏడికి పోయిన్రే మీరంతా? ఎంత సేపు చూసిన్నో!"

సారనాథ్ కాశీకి పది కిలోమీటర్లే. అక్కడి మ్యూజియంకు శుక్రవారం సెలవు. కాగితంలో సారనాథ్ సరిగ్గా శుక్రవారం సాయంత్రం పడింది. మామూలుగా అయితే ఎవరూ పట్టించుకోరు, స్తూపం చూసి వచ్చేస్తారు. ఎర్ర గడి ఉంది కాబట్టి గురువారం మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకున్నప్పుడు నర్సంపేట సార్‌ను, ఇంకో ఇద్దరిని ఆటోలో పంపాం. సాయంత్రం తిరిగొచ్చి ఆయన గంటసేపు మాట్లాడారు. సింహాల ఒంటి మీది ఆ నునుపు గురించి, రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటి రాయి అద్దంలా మెరవడం గురించి. నోట్ల మీద, నాణేల మీద చూసే బొమ్మ అసలు మనిషంత ఎత్తుంటుందని వాళ్లావిడకు తెలియదట. మర్నాటి నుంచి ఆయన ఏ గుడి క్యూలోనూ విసుక్కోలేదు. చీరల అక్కను మాత్రం ఆటోవాళ్లు చూపించే దుకాణాలకు పోనివ్వలేదు. ఆటోవాడికి కమిషన్ చీర ధరలోనే కలుస్తుంది. సత్రం మేనేజరుకు తెలిసిన నేతగాళ్ల ఇంటికి పంపాను. ఎంతకు కొన్నదో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదావిడ.

ప్రయాగ కాశీకి 120 కిలోమీటర్ల పైచిలుకు, బస్సులో వెళ్లాం. 2025 మహాకుంభమేళా అయ్యాక ప్రయాగ పేరెత్తితేనే మా వాళ్లు "రద్దీ ఉంటదా, తొక్కిసలాట అయితదా" అని భయపడుతున్నారు. మేళా లేని రోజుల్లో అక్కడ హాయిగా ఉంటుంది. రద్దీ ఉండదు కానీ పడవలవాళ్ల బేరం ఉంటుంది. ఒడ్డున చెప్పే ధర ఒకటి, నీళ్ల మధ్యకు వెళ్లాక అడిగేది ఇంకొకటి. మాస్టారు ఒడ్డునే నలుగురి ముందు ధర ఖాయం చేసి, డబ్బు తిరిగొచ్చాకే ఇస్తానని చెప్పి ఎక్కిస్తారు. చలికాలం కాబట్టి నీళ్ల మీద తెల్ల పక్షులు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. సైబీరియా నుంచి వస్తాయట. పడవవాడు సేవ్ అనే సన్న కారప్పూస పొట్లాలు అమ్ముతుంటే మా వాళ్లు గింజలు చల్లుతున్నంత శ్రద్ధగా వాటికి వేశారు.

వేణీదానం చేయించుకున్న జంటలు నాలుగైదు. భర్త భార్యను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల దువ్వి జడ వెయ్యాలి. పసుపు కుంకుమ పెట్టి, జడ చివర రెండు మూడు అంగుళాలు కత్తిరించి సంగమంలో విడుస్తారు. జనగామ పెద్దాయనకు డెబ్బై దగ్గర్లో ఉంటాయి. జడ ఎలా వెయ్యాలో ఆయనకు తెలియదు. మూడు పాయలు తీశాడు. కుడిపాయ మధ్యలోకి తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఏ పాయ ఎటు పోవాలో తెలియక మూడూ గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. పగ్గం పేనడం తెలిసిన చేతులు అవి. నేను అందుకోబోతుంటే పంతులు గారు కళ్లతోనే వద్దన్నారు. భార్య తల తిప్పకుండానే "పగ్గం అనుకో" అంది. అంతే, చకచకా అల్లేశాడు. అంత గట్టి జడ నేను ఎక్కడా చూడలేదు. పడవలో ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. కత్తిరించిన కొస నీళ్లలో వదిలితే మునిగిపోతుందని నమ్మకం. అది మునిగేదాకా ఆయన పడవ అంచు వదల్లేదు. కింద ఒడ్డున బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు, పడుకున్న హనుమంతుడి గుడి ఇంకా మిగిలింది, టైము దాటిపోతోంది. మాస్టారు నా వైపు చూసి "డ్రైవర్‌కు చాయ్ తాగమని చెప్పు" అన్నారు.

గయ దగ్గర మాత్రం నాకు చాలా కష్టమైంది. కాశీ నుంచి దాదాపు 250 కిలోమీటర్లు, బీహార్‌లోకి వెళ్లి శోణ నది దాటాలి. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం, పొగమంచులో బస్సు పాకుతూ వెళ్లింది. పిండప్రదానం చేసేవాళ్లు ఏమీ తినకూడదు. వాళ్లలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉన్నారు. "పితృకార్యం అయ్యేదాకా నీళ్లు కూడా ముట్టను" అని పట్టుబట్టినవాళ్లకు పంతులు గారితోనే ఫోన్‌లో చెప్పించాం, పాలు, పండ్లు దోషం కాదని. ఆయన మాటకు విలువ ఉంటుంది, నా మాటకు ఉండదు. అందుకే ఆ పని ముందు రోజు రాత్రే పెట్టుకోవాలి.

విష్ణుపాదం గుడిని ఇండోర్ రాణి అహల్యాబాయి హోల్కర్ 1787లో కట్టించింది. కాశీలో విశ్వనాథుడి గుడిని మళ్లీ నిలబెట్టింది కూడా ఆవిడే. ఫల్గుణీ నది పైకి ఇసుక, లోపల నీళ్లు. అది ఇక్కడ దశరథుడికి పిండం పెట్టిన సీతమ్మ శాపమట, ఆ కథ తెలియనివాళ్లు మా గుంపులో లేరు. 2022లో రబ్బరు డ్యామ్ కట్టాక గుడి దగ్గర నీళ్లు కనిపిస్తున్నాయి. "శాపం పోయిందా మరి?" అని ఒకాయన పంతులు గారినే అడిగాడు. దక్షిణల సంగతి కూడా చెప్పాలి. సంకల్పం మధ్యలో ఆపి "ఇంకెంత ఇస్తారు" అని అడిగేవాళ్లు అక్కడ కొందరుంటారు. తండ్రి పేరు చెబుతున్న మనిషి ఆ క్షణంలో కాదనలేడు. మాస్టారు తెలుగు వచ్చిన పంతులు గారితో మనిషికి ఇంతని ముందే మాట్లాడేస్తారు. ఆ పైన ఒక్క రూపాయి ఇవ్వాలన్నా తనను అడగమని బస్సులోనే చెబుతారు.

పరకాల పెద్దమ్మ కొడుకు చనిపోయి చాలా ఏళ్లయింది. చేసేవాళ్లు లేరు. తనే చేస్తానంటుంది. పక్క వరసలో ఉన్న ఒకాయన "ఆడవాళ్లు చెయ్యకూడదు, మగవాళ్లెవరికైనా దర్భ ఇచ్చి చేయించండి" అని కల్పించుకున్నాడు. మా పంతులు గారు ఒకే మాట అన్నారు. "ఈ ఊళ్లో దశరథుడికి పిండం పెట్టింది ఎవరండీ?" ఆయన మళ్లీ మాట్లాడలేదు. పెద్దమ్మ పిండాలు చేయడం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. పిండి, నువ్వులు కలిపి, అరచేతిలో రెండుసార్లు తిప్పి, మళ్లీ తీసి కొంచెం తడి అద్ది, ఒక్క పగులు లేకుండా చేసింది. అందరి పనీ అయిపోయింది. ఆవిడ చివరి పిండం చేతిలో పట్టుకుని పెట్టడం లేదు. పంతులు గారు మంత్రం ఆపారు, తొందరపెట్టలేదు. నేను మిగతావాళ్లను అక్షయవటం మర్రిచెట్టు వైపు నడిపించి, ఆవిడ దగ్గర వాళ్ల జట్టు పెద్దావిడను ఉంచాను. జనగామ పెద్దాయనకు అదే సమయంలో ఒక సందేహం వచ్చింది, ఎద్దు పేరు మీద పిండం పెట్టొచ్చా అని. పెట్టొచ్చన్నారు. పశువులకు, పక్షులకు కూడా అక్కడ చోటుంది. ఆయన రెండు ఎడ్ల పేర్లు చెప్పాడు.

గయలో ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదిలేయాలని మన దగ్గర ఆచారం. ఇష్టమైనవి వదలాలి. జనం మాత్రం తెలివిగా కాకరకాయ, రేగుపండు వదిలేస్తారు. ఇది వాళ్లకూ దేవుడికీ సంబంధించిన విషయం, నాకేం పని అనుకున్నాను. వంటాయన నన్ను నిలబెట్టి అడిగాడు, "ఎవరెవరు ఏం వదిలిన్రో రాసి ఇయ్యి, రేపటి సాంబార్ల ఏం ఎయ్యాలె నేను?" అని. నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి రాశాను. సొరకాయ, గుమ్మడికాయ, చిక్కుడుకాయ, బీరకాయ. లిస్టు పూర్తయ్యేసరికి సాంబార్‌లో వేయడానికి ములక్కాడ, ఉల్లిగడ్డ తప్ప ఏమీ మిగల్లేదు. ఒకరిద్దరు రాత్రే మనసు మార్చుకుని, "నేను గుమ్మడికాయ అన్లే, దోసకాయ అన్న" అని వచ్చారు. పంతులు గారు బస్సులో లేరు కాబట్టి తీర్పు మాస్టారే చెప్పారు, చెల్లదని.

అయోధ్య గురించి నాకు ఒక ఫిర్యాదు ఉంది. 2024 జనవరిలో బాలరాముడి ప్రతిష్ఠ అయ్యాక ఆ ఊరు లేకుండా గుంపు కూడదు. అది నిజమే. కానీ గయ నుంచి వచ్చిన మర్నాడే పొద్దున అయోధ్యకు పోయి, ఆ రాత్రికే తిరిగి రావడం అరవై దాటిన ఒంటికి మంచిది కాదు. ఆ రోజు బస్సులో సగం మందికి కాళ్లు వాచాయి. దర్శనం బాగా జరిగింది, ఎవరూ కాదనరు. తిరుగుదారిలో మాత్రం ఒక్కరు కూడా భజన చేయలేదు. నేను ఓఆర్ఎస్ పొట్లాలు, నొప్పి బామ్ పంచుతూ బస్సు ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగాను.

తిరుగు రైలు పొగమంచు వల్ల చాలా ఆలస్యంగా నడుస్తోందని పొద్దున్నే తెలిసింది. డిసెంబర్‌లో ఇది మామూలే. మాస్టారు సత్రం గదులు సాయంత్రం దాకా అడిగి ఉంచుకున్నారు. వంటాయన ఇంకో పూటకు సరిపడా ఉప్మా, టమాటా పచ్చడి కట్టాడు. ఖాళీ దొరికేసరికి కొందరు గల్లీలోకి పోయి చలికాలంలో మాత్రమే దొరికే మలైయో తిన్నారు. మట్టి ముంతలో పసుపు రంగు పాల నురగ, నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. ములుగు అవ్వ రెండు ముంతలు తిని, "ఇండ్ల ఏముంది, గాలి" అని తీర్పిచ్చింది. గంగ నీళ్ల రాగి చెంబులకు సీలు వేయించడం, ఎవరి చెంబు ఎవరిదో పేర్లు అంటించడం ఆ రోజు నా పని. అన్నీ ఒకేలా ఉంటాయి కదా, రైల్లో మారిపోతే పెద్ద గొడవ.

రైల్లో రాత్రి అందరూ పడుకున్నాక మాస్టారు, నేను సైడ్ బెర్తు మీద కూర్చుని లెక్కలు చూశాం. బస్సులు, పడవలు, సత్రం, వంట సామాను, పంతుళ్లు. ప్రయాగలో బస్సు ఎక్కువసేపు ఆగినందుకు డ్రైవరుకు ఇచ్చిన డబ్బు కూడా అందులో ఉంది. ఆయన చెప్పినట్టే చివర్లో కొంత మిగిలింది, నా వాటా కవరులో పెట్టి ఇచ్చారు. స్కూల్లో నెల జీతం కన్నా కొంచెం తక్కువే. "ఫాల్గుణంల మళ్ల పోతున్నం. వస్తవా?" అని అడిగారు. వస్తానన్నాను, మూడు షరతులు పెట్టాను. గయకు సామాను మోయడానికి, చేయి పట్టుకుని నడిపించడానికి ఒక కుర్రాడు కావాలి. అయోధ్యలో ఒక రాత్రి నిద్ర ఉండాలి, లేకపోతే అయోధ్య వద్దు. నా డబ్బు మిగిలితే కాదు, ముందే మాట్లాడాలి. కుర్రాడికి వెంటనే ఒప్పుకున్నారు. అయోధ్యకు ఖర్చు ఎంత పెరుగుతుందో కాగితం మీద వేసి చూసి, మనిషికి ఇంత పెంచుదామన్నారు. డబ్బు దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మా ఇంటామె ఇన్నేళ్లు ఒక్క రూపాయి అడగలే" అన్నారు. "అందుకే ఇప్పుడు నేను అడుగుతున్న మాస్టారూ" అన్నాను. నోట్‌బుక్కు తీసి, ఫాల్గుణం పేజీ మీద నా పేరు రాసి, పక్కన అంకె వేశారు.